రెండు బొటనవేళ్ళ చందమామ

జూన్ 3

తెలుపు ఎంచుకోవడమే కష్టం. ఎరుపుదేముంది, కళ్ళు మూసుకుని అరలో చెయ్యి పెట్టినా ఏదో ఒక మంచి ఎరుపు తగులుతుంది.

మధ్యాహ్నమంతా రంగుల బాబాయ్ కొట్లోనే గడిచిపోయింది. గోళ్ళ రంగులు అమ్మే కొట్లు చాలా ఉన్నాయి గానీ, సీసా మూత తీసి, గాజుపలక మీద గీత గీసుకుని, గుమ్మం బయటికి తీసుకెళ్ళి ఎండలో చూసుకోనిచ్చేది ఈయన ఒక్కడే. వరసగా తెలుపులు గీసుకుంటూ పోయాను. ఒకటి సున్నం. ఒకటి విరిగిన పాలు. ఒకదాంట్లో ఎక్కడో నీలం దాక్కుని ఉంది. ఎండలో పలక పట్టుకుని నిలబడితే కాసేపటికి గీతలన్నీ కలిసిపోయి ఒకటే వెలుగయింది. వీధిలో ఎవరు వెళ్తున్నారో, నేనెందుకొచ్చానో, ఏదీ గుర్తులేదు. హాయిగా ఉంది.

"అమ్మాయ్, పలక లోపలికి తెస్తావా, దాంతోనే ఇంటికి పోతావా?" అని బాబాయ్ కేకేశాడు.

చివరికి మొదట గీసినదే తీసుకున్నాను. గోళ్ళు ఆరబెట్టే దీపం కింద ఆరినా పసుపెక్కదు. మేం గోళ్ళ మీద వేసే చందమామకి అలాంటిదే కావాలి.

వదిన రెండు సీసాలు తెమ్మంది. "నీది నీకు, నాది నాకు" అంది, నేను గుమ్మం దాటుతుంటే, మామూలుగానే. ఎప్పుడూ ఒక్క సీసాలోనే కదా ఇద్దరం ముంచేది. ఒకటే తెచ్చాను. రెండోది స్టాకు లేదన్నాను. ఎక్కువ తెస్తే గడ్డకట్టిపోతుంది, అందుకు.

బ్రష్‌లు నాకు పొడుగు పిడిది ఒకటి, వదినకి పొట్టి పిడివి రెండు. ఆమె ముక్కు గోటికి ఆనేంత దగ్గరగా వంగి వేస్తుంది. పొడుగు పిడైతే బుగ్గలో గుచ్చుకుంటుంది. నిజానికి బ్రష్‌లు తెమ్మని ఆమె అడగలేదు. అయినా ఉంటాయి, వాటికేం తిండి పెట్టాలా.

అన్నయ్య ఇవాళ కూడా రాలేదు. ఆఫీసుకి దగ్గరలో గది తీసుకున్నాడట. మంచిదే, తిరుగుడు తప్పుతుంది.

ఎడమ చిటికెనవేలి గోరు విరిగింది. గోళ్ళు అరగదీసే ఫైలర్ తగిలి.

జూన్ 5

మా గోళ్ళరంగుల గదికి కొత్తగా వచ్చినావిడ కుర్చీలో కూచోగానే అడిగింది, "ఇద్దరూ ఒకేసారి వేస్తారా? చేతులకి చేతులు అడ్డం రావూ?"

ఈ ప్రశ్నకి జవాబు ఎప్పుడూ వదినే చెబుతుంది. "నాది ఎడమచేతి వాటం, దీనిది కుడి. పక్కపక్కన కూచుంటే పని చేసే మోచేతులు రెండూ చెరో పక్కకీ పోతాయి. మీ కుడిచెయ్యి నాకివ్వండి, ఎడమచెయ్యి దానికివ్వండి. గంట పట్టేది అరగంటలో అయిపోతుంది."

ఆవిడ చేతులు ఇచ్చేసి కళ్ళు మూసుకుంది. ఆ నిశ్శబ్దం నాకు చాలా ఇష్టం. రెండు బ్రష్‌లు, ఒక్క సీసా. వదిన ముంచి తీసేసరికి నేను ముంచుతాను. సీసా అంచు దగ్గర మా వేళ్ళు ఒక్కసారి కూడా తగల్లేదు, ఇన్నేళ్ళలో.

చివర బొటనవేళ్ళు. నేను వేసే వేలి మీద చందమామ ఎడమ సగం, వదిన వేసే వేలి మీద కుడి సగం. "ఇప్పుడు రెండూ ఆనించి చూడండి" అంటాం. ఆనించగానే నిండు చందమామ. అందరూ అప్పుడు ఒకేలా చేస్తారు, నోరు కొంచెం తెరుస్తారు, చిన్నపిల్లలైపోతారు. మా గదికి ఇంతమంది వచ్చేది దానికోసమే.

"మీరిద్దరూ ఏమవుతారు?" అని అడిగింది.

"మా ఆడపడుచు."

"ఆడపడుచు అర్ధమొగుడు! మరి మీకు బలే కుదిరిందే" అని ఆవిడ పకపకా నవ్వింది.

ఈ మాటకి వదిన ఎప్పుడూ నవ్వుతుంది. ఇవాళ సీసా మూత బిగించింది. చాలా గట్టిగా బిగించింది. తర్వాత తియ్యడానికి నాకు గుడ్డ కావలసొచ్చింది.

జూన్ 9

పనేమీ లేదు. బయట ముసురు. అలమార సర్దుతూ కూచున్నాను.

చుక్కలు పెట్టే పుల్లలే ఎన్ని ఉన్నాయో. ఆవగింజ చుక్కకి ఒకటి, నువ్వుగింజకి ఒకటి, కంటికి ఆనని చుక్కకి ఒకటి. వదిన కొత్తగా ఈ ఇంటికి వచ్చినప్పుడు ఇవేవీ లేవు. ఒక గుండుసూది, ఒక తెల్లరంగు సీసా. అప్పుడు నేను బళ్ళో చదువుతున్నాను, పది వేళ్ళ గోళ్ళూ కొరికేసి చివర్లు కూడా మిగిల్చేదాన్ని కాదు. అమ్మా నాన్నా పోయినప్పటి నుంచీ అంతేనట. అన్నయ్య కాకరరసం పూశాడు, కేకలేశాడు, బతిమాలాడు. ఊహూఁ.

వదిన నన్ను కిటికీ దగ్గర కూచోబెట్టి, మిగిలిన ఆ కాసింత గోటి మీద గుండుసూది మొనతో ఒక పిట్టని వేసింది. వేలికొక పిట్ట. "ఇప్పుడు తిను చూద్దాం" అంది.

పిట్టని ఎలా తింటాను? వారం తిరిగేసరికి గోళ్ళు పెరిగాయి. అప్పుడు పెట్టిన పేరే గోరింక. ఇప్పటికీ అలాగే పిలుస్తుంది.

వాన చప్పుడు వింటూ అక్కడే కునికాను. కలలో పిట్టలు గోళ్ళ మీంచి లేచి కిటికీలోంచి వెళ్తున్నాయి. ఏ తొందరా లేదు వాటికి. ఒక్కోటీ ఆగి, నన్ను చూసి, వెళ్తోంది.

జూన్ 10

ఇంకో గోరు. తలుపు తగిలింది.

జూన్ 12

వదిన చెప్పేసింది. గోళ్ళు నానబెట్టే తొట్టి కడుగుతూ, నా వైపు తిరక్కుండా.

"మీ అన్నయ్యా నేనూ విడిపోతున్నాం గోరింకా. నువ్వు అడగట్లేదని నేనే చెబుతున్నాను."

"రంగు తీసే రిమూవర్ అయిపోయింది, రేపు తేవాలి" అన్నాను.

"విన్నావా?"

"విన్నాను. దూది కూడా తేవాలి."

ఆమె స్నేహితురాలికి వేరే ఊళ్ళో బ్యూటీపార్లర్ ఉందట. దాంట్లో ఒక గది ఖాళీ. ఈ పని తెలిసినవాళ్ళు అక్కడ ఎవరూ లేరట. "నాలుగు రోజులు ఉండి చూసొస్తాను. నచ్చితే నెలాఖరుకి మారిపోతాను" అంది. మారిపోతాను అంది. పోతాం అనలేదు.

చూసి రావడమే కదా. చూస్తే ఏం పోయింది. చూసిన గదులన్నీ నచ్చుతాయా ఏమిటి.

జూన్ 14

అన్నయ్య వచ్చాడు. వదిన లేని రోజు చూసుకునే వచ్చాడు. కస్టమర్ల కుర్చీలో కూచుని, అలవాటు లేకపోయినా, రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు. ఆ కుర్చీ ఎవరిచేతైనా అలా చేయిస్తుంది కాబోలు. చిక్కిపోయాడు.

"ఎవరి తప్పూ లేదు చిన్నీ. ఇద్దరికీ కుదరలేదు, అంతే."

కుదరకపోవడానికి ఇదేమైనా కుట్టించుకున్న చొక్కానా అందామనుకున్నాను. టీ పెట్టి ఇచ్చాను.

"ఆవిడ వెళ్ళాక నేను వచ్చేస్తాను. ఈ గది, ఈ బోర్డు, ఈ పని అన్నీ నీవే. నీకే లోటూ రానివ్వను. మనిద్దరం ముందులాగే ఉందాం."

ముందులాగే అంటే నాకు గుర్తున్నది ఒకటే. అన్నయ్య నా జడ వంకరగా అల్లి, బడి గేటు దాకా వచ్చి, నేను లోపలికి వెళ్ళేదాకా నిలబడేవాడు. ఆ వంకర జడ మీద ఎవరైనా నవ్వితే నేను కొట్టేదాన్ని.

"మరి వదిన..." అన్నాను.

"ఇంకా వదినేంటే? నేను లేకపోతే ఆవిడ నీకేమవుతుంది?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. వదిన ఎవరు? అన్న పెళ్ళాం. అన్నకి పెళ్ళాం కాకపోతే? వరసలన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టాను. పది వేళ్ళూ అయిపోయాయి గానీ ఆమెకి ఒక్క పిలుపు దొరకలేదు.

వెళ్తూ వెళ్తూ నా చేతుల వంక చూశాడు. "ఏంటే ఆ గోళ్ళు?" అన్నాడు.

"రంగు తీసే మందు పడట్లేదు" అన్నాను.

జూన్ 16

పళ్ళ డాక్టరమ్మ వచ్చింది. రోజంతా గ్లవ్స్‌లో ఉంటాయి ఆవిడ చేతులు. "నా గోళ్ళు చూసేది నేనూ, సబ్బూ" అంటుంది. అయినా నెలనెలా చందమామ కావాలి.

వదిన రేపొస్తుంది, ఎల్లుండి రండి అని ఉండాల్సింది. నేనే రెండు చేతులూ వేస్తానన్నాను. ఎందుకన్నానంటే, వెయ్యగలనా లేదా చూద్దామని. అంతే.

ఎడమచెయ్యి నీళ్ళు తాగినంత సులువుగా అయిపోయింది. కుడిచెయ్యి పట్టుకుంటే కొత్త మనిషి చెయ్యి పట్టుకున్నట్టుంది. ఇన్నేళ్ళుగా కొన్ని వేలమంది ఎడమచేతులు పట్టుకున్నాను, కుడిచెయ్యి పట్టుకున్నది ఇదే మొదలు! బొటనవేలు ఎటు నుంచి మొదలో కూడా తెలీలేదు. అయినా చెయ్యి దానంతటది కదిలింది. బాగానే కదిలింది. నున్నటి వంపు, చక్కటి తెలుపు. మురిసిపోయాను.

"ఇప్పుడు ఆనించి చూడండి" అన్నాను.

ఆవిడ ఆనించింది. చందమామ కాలేదు. నా చేతికి వచ్చింది ఎడమ సగం ఒక్కటే. రెండో వేలి మీదా అదే సగం వేసేశాను. రెండు సగాలూ ఒకే దిక్కుకి తిరిగి, ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి.

డాక్టరమ్మ నవ్వలేదు. వేళ్ళు కిటికీ వైపు పట్టుకుని చూసింది. "ఒకటి వెళ్ళిపోతుంటే రెండోది వెంటపడుతున్నట్టుందే" అంది.

"తుడిచేసి మళ్ళీ వేస్తానండీ."

"వద్దు, ఉండనీ. దీన్ని చూస్తే పాపం అనిపిస్తోంది. గ్లవ్స్ లోపల ఎవరు అడుగుతారు?"



జూన్ 17

సాధన చేసుకునే ప్లాస్టిక్ గోళ్ళ పెట్టె తీశాను. కుడి బొటనవేలికి సరిపడేవన్నీ ఏరి, జిగురు టేపు మీద వరసగా అంటించి, కుడి సగం వెయ్యడం మొదలుపెట్టాను. కాయితం మీద ముందు పెన్సిల్‌తో గీసుకున్నాను, వచ్చింది. గోటి మీదకి వచ్చేసరికి మళ్ళీ ఎడమ సగమే. అద్దంలో చూస్తూ వేశాను. ఎడమ సగమే. చివరికి పొడుగు బ్రష్ పక్కన పడేసి, వదిన పొట్టి బ్రష్ పట్టుకుని, ఆమెలా ముక్కు ఆనించి వేశాను. ఆమె కొబ్బరినూనె వాసన వచ్చింది, పిడికి అంటుకుని ఉందేమో. చందమామ మాత్రం ఎడమ సగమే.

వదిన రాత్రికి వస్తుందనుకున్నాను. రాలేదు. ఇంకో రెండు రోజులు ఉంటానని ఫోన్ చేసింది. గది బాగుందట. కిటికీ ఉందట.

ఇక్కడా ఉంది కిటికీ.

జూన్ 19

నేను లేచేసరికి వదిన వచ్చేసి ఉంది. సంచి ఇంకా భుజానికే ఉంది. బల్ల దగ్గర నిలబడి నా ప్లాస్టిక్ గోళ్ళ వరస చూస్తోంది. సర్దడం మర్చిపోయాను. కిటికీ వెలుగు వాటి మీద పడి, సగం చందమామలన్నీ వరసలో ఒకే దిక్కుకి నడిచిపోతున్నాయి.

వదిన నవ్వడం మొదలుపెట్టింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తర్వాత కుర్చీలో కూలబడి, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఈ నవ్వు ఎన్నాళ్ళయింది విని.

"ఎక్కడికే ఇవన్నీ కట్టగట్టుకుని పోతున్నాయి?"

నీ వెనకే అందామనుకున్నాను.

"బజారుకి" అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. ఏదో అనబోయింది. నేను తొట్టి కడగడానికి వెళ్ళిపోయాను. కడిగిన తొట్టే అది.

జూన్ 20

గోరు. ఏదో తగిలింది.

జూన్ 22

వదిన నెలాఖరున వెళ్తోంది. ఖాయం.

నన్ను రమ్మని అడగలేదు. అడుగుతుందేమోనని పొద్దున ఆమె వెనకే తిరిగాను. వంటింట్లోకి వెళ్తే వంటింట్లోకి, డాబా మీదకి వెళ్తే డాబా మీదకి. "ఏంటే, తోకలా?" అంది. నేను అడగొచ్చు కదా. అడిగితే, నాకిప్పుడు నువ్వేమవుతావే అంటే? అన్నయ్య అడిగిన ప్రశ్నే ఆమె కూడా అడిగితే?

నాకు భయంగా ఉంది. ఇది డైరీయే కదా, ఎవరు చూస్తారు. చాలా భయంగా ఉంది.

జూన్ 24

కొత్త గదికి సామాను తీసుకోవాలి, తోడు రా అంది. ఇంతకంటే కఠినం ఉంటుందా? వెళ్ళాను. రంగుల బాబాయ్ కొట్టు ఎప్పటిలాగే వెలుగుతోంది, అరల నిండా సీసాలు, నేల మీద వాటి రంగు నీడలు. ఆ నీడల్లో ఎరుపు మీంచి పచ్చలోకి, పచ్చలోంచి ఊదాలోకి అడుగులేస్తూ తిరిగాను. వదిన గబగబా ఎంచుకుంటోంది. నేను చూడట్లేదు. చూడకుండానే అన్నీ కనిపిస్తున్నాయి.

అడుగున వేసే బేస్‌కోటు. పైన వేసే టాప్‌కోటు. ఆరబెట్టే దీపం ఒకటి. తర్వాత ఇంకో దీపం. కరెంటు దీపాలు కదా, పాడైతే ఉంటుందని అనుకున్నాను.

"తెలుపు ఈసారైనా రెండు సీసాలు ఇవ్వనా?" అన్నాడు బాబాయ్. "పోయినసారి ఇద్దామని బయటికి తీస్తే, మీ అమ్మాయి ఒకటే చాలని వెనక్కి పెట్టించింది."

వదిన నా వైపు తిరిగింది.

"స్టాకు లేదన్నావు?"

నేను నేల మీద ఊదారంగు నీడని చూస్తున్నాను.

"ఒకటివ్వండి బాబాయ్, ఒకటి చాలు" అంది వదిన. మెల్లగా అంది.

తర్వాత బ్రష్‌ల డబ్బా దగ్గరికి వెళ్ళింది. ఒకటి తీసి, నీళ్ళలో ముంచి, విదిలించి, మొన కుదిరిందో లేదో వెలుగులో చూసింది. పక్కన పెట్టింది. ఇంకోటి. అదీ నచ్చలేదు. మూడోదాని మొన సూదిలా నిలబడింది. పొడుగు పిడి.

"అది నీ బుగ్గలో గుచ్చుకుంటుంది వదినా" అన్నాను.

"నాక్కాదు."

"మరెవరికి?"

నా చెయ్యి పట్టుకుని ఎండలోకి, గుమ్మం బయటికి తీసుకెళ్ళింది. తెలుపు చూసినట్టు చూసింది నా గోళ్ళని, ఒక్కోటీ.

"పదీ తినేశావా గోరింకా?"

తల ఊపాను. ఫైలర్ తగల్లేదు. తలుపు తగల్లేదు. నేనే కొరికాను.

"నేను నిన్ను రమ్మని అడగను" అంది వదిన. "ఎలా అడుగుతానే? నిన్ను ఎత్తుకు పెంచినవాడి దగ్గర్నించి నిన్ను కూడా పట్టుకుపోనా? ఆయనతో నాకు పొసగలేదు గానీ అంత పని చెయ్యను. బ్రష్ మాత్రం కొంటున్నాను. నువ్వొస్తే వేస్తావు. రాకపోతే గ్లాసులో నిలబెట్టి చూసుకుంటాను."

నడివీధిలో ఏడ్చాను. పక్కనే గాజుపలక చేతిలో పట్టుకుని ఎవరో అమ్మాయి ఎరుపులు చూసుకుంటోంది. చూస్తే చూసింది.

జూన్ 25

అన్నయ్య గదికి వెళ్ళాను. ఒక మంచం, ఒక కుర్చీ, కిటికీకి ఆరేసిన చొక్కా. ఆ చొక్కాని చూసేసరికి సగం మాటలు మర్చిపోయాను.

"నువ్వు అడిగావు కదా, ఆవిడ నీకేమవుతుందని. దానికి పేరు నాకు తెలీదు అన్నయ్యా. ఆమె కుడిచెయ్యి వేస్తుంది, నేను ఎడమచెయ్యి వేస్తాను. నాకు కుడిచెయ్యి రాదు."

లేచి కిటికీకి ఆరేసిన చొక్కా తీసి మడతపెట్టాడు. నా మీద అరిస్తే బాగుండేది.

"నేను నీకేం తక్కువ చేశానే?"

"ఏమీ చెయ్యలేదు. అందుకే చెప్పడానికి ఇంతసేపు పట్టింది."

నేను మెట్లు దిగుతుంటే పైనుంచి పిలిచాడు. "గోళ్ళు ఆరబెట్టే ఆ పాత దీపం వైరు వదులుగా ఉంది. నేనొచ్చి బిగించేదాకా దాన్ని ముట్టుకోకు."

వీధి మలుపు దాకా వచ్చి వెనక్కి చూశాను. పైన నిలబడే ఉన్నాడు, నేను కనబడకుండా పోయేదాకా.

ఆగస్టు 11

ఈ డైరీ పెట్టె అడుగున దొరికింది ఇవాళ. రాయడం మానేసి చాలా రోజులైంది.

కొత్త గది చిన్నది. కిటికీ నిజంగానే ఉంది. బల్ల మీద రెండు దీపాలు, ఒక తెల్ల సీసా. అన్నయ్య వైరు బిగించి పంపిన పాత దీపం ఒకటి అలమార మీద ఉంది. వారానికోసారి ఫోన్ చేస్తాడు. వదిన ఊసెత్తడు గానీ, "ఇద్దరూ తిన్నారా?" అని అడుగుతాడు.

పొద్దున కుడిచెయ్యి నేర్చుకుందామని వదిన కుర్చీలో కూచున్నాను. ఆమె నా కుర్చీలో సర్దుకుంది. బ్రష్ ఎత్తగానే మోచేతులు రెండూ ఢీకొని, చుక్క పెట్టాల్సినచోట తోక పడింది. ఎదురుగా కూచున్న కస్టమరావిడ విరగబడి నవ్వింది.

"లే అక్కణ్ణించి" అంది వదిన. "నీ చోటు ఇటు."

లేచి నా చోట్లో కూచున్నాను.

"ఇంతకీ మీరేమవుతారు?" అని అడగనే అడిగింది ఆవిడ.

"మా ఆడపడుచు."

"ఓహో, అర్ధమొగుడన్నమాట! మరి అసలు మొగుడు?"

"మొత్తం మోసుకు రాలేకపోయానండీ" అంది వదిన, గోటి మీంచి ముక్కు ఎత్తకుండా. "పనికొచ్చే సగం తెచ్చుకున్నాను."

సాయంత్రం ఎవరూ లేరు. కిటికీలోంచి వచ్చే ఎండ పలచబడి, గదంతా పాలల్లో తేనె కలిపినట్టుంది. నా గోళ్ళు పెరిగాయి. ఎక్కువ కాదు, బొటనవేలి మీద బియ్యపుగింజంత చోటు వచ్చింది. కొత్త బ్రష్ తీసి, నా ఎడమ బొటనవేలికి నేనే సగం చందమామ వేసుకున్నాను. అది నాకు వచ్చు. తర్వాత కుడిచెయ్యి బల్ల మీద వదిన ముందు పెట్టాను. ఆమె అదే సీసాలో ముంచి, ముక్కు ఆనించి, మిగతా సగం వేసింది.

రెండు బొటనవేళ్ళూ దీపం కింద ఆరబెట్టుకున్నాను.

"ఇప్పుడు ఆనించి చూడు" అంది.